నల్లగొండ నీళ్లు, మిర్యాలగూడ బూడిద: కారు అద్దాలకు ఏది పనిచేసింది

మన జిల్లాలో కారు ఉన్నవాళ్లకు అద్దాల మీద తెల్ల చుక్కల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే చాలు, అద్దం నిండా సున్నం చల్లినట్టు చుక్కలు తేలతాయి. వాటి మీద కోలిన్ లాంటి అద్దాల స్ప్రే కొట్టి తుడిస్తే చుక్కలు పోవు, పైగా చారలు వస్తాయి. మిర్యాలగూడ, నల్లగొండ మధ్య ఏళ్లుగా సొంత కారులోనే తిరుగుతున్నాను, పని పడితే హైదరాబాద్ కూడా. రాత్రి ప్రయాణాలు ఎక్కువ కాబట్టి అద్దాల విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. షాపులో దొరికే సీసాలు చాలానే వాడాను. నా అనుభవంలో సీసా ఏదైనా పెద్ద తేడా లేదు. నీళ్లు, గుడ్డ బాగుంటే అద్దం బాగుంటుంది.

ముందు నీళ్ల సంగతి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. నీరు ఆవిరైపోతుంది, లవణం అద్దం మీదే మిగులుతుంది. మా వాడ బోరు నీళ్లు ఒక స్టీలు గ్లాసులో పోసి ఎండలో పెట్టండి, నీళ్లు ఇగిరిపోయాక అడుగున తెల్ల పొర గోరుకు తగులుతుంది. అదే పొర అద్దం మీద కూడా పడుతుంది.

దీనికి మందు మన ఊళ్లలోనే ఉంది. ఫ్లోరైడ్ బాధ వల్ల ఇక్కడ ఎక్కడ చూసినా ఫిల్టర్ నీళ్ల ప్లాంట్లు వచ్చాయి. వాటిలో నీళ్లను వడగట్టే ఆర్వో పద్ధతిలో లవణాలు చాలావరకు పోతాయి. కారంతా ఆ నీళ్లతో కడగాల్సిన పని లేదు. బోరు నీళ్లతోనే కడిగి, అవి ఆరకముందే అద్దాల మీద ఒక పెద్ద చెంబుడు ఫిల్టర్ నీళ్లు పైనుంచి కిందికి పోసి వెంటనే తుడిచేస్తే చుక్కల గొడవ దాదాపు ఉండదు. మా ఇంటి దగ్గర ప్రభుత్వం ఇచ్చే మిషన్ భగీరథ నల్లా నీళ్లు కూడా బోరు కంటే చాలా నయం. వైపర్ ట్యాంకులో కూడా ఫిల్టర్ నీళ్లే పోస్తాను. బోరు నీళ్లు పోస్తే నీళ్లు చిమ్మే సన్న రంధ్రాల్లో ఉప్పు పేరుకుంటుంది.

ఇప్పటికే పడ్డ చుక్కలకు కిరాణా షాపులో దొరికే తెల్ల వెనిగర్ చాలు. వెనిగర్, ఫిల్టర్ నీళ్లు సగం సగం కలిపి, గుడ్డ ముంచి మరక మీద ఐదు నిమిషాలు అతికించి ఉంచాలి. ఆమ్లం సున్నాన్ని కరిగిస్తుంది. తర్వాత ఫిల్టర్ నీళ్లతో కడిగేయాలి, పెయింటు మీద కారితే అక్కడ కూడా. ఏళ్ల తరబడి ఎండలో కాలి గాజును తినేసిన మరకలు మాత్రం వెనిగర్‌కు పోవు. వాటికి సీరియం ఆక్సైడ్ అనే గాజు పాలిష్ పొడితో పాలిష్ పట్టాలి. కారు ముందు అద్దం (విండ్‌షీల్డ్) మీద అది సొంతంగా చేయకండి. ఒకచోట ఎక్కువ అరిగితే అక్కడ చూపు వంకర పోతుంది.

మిర్యాలగూడ వైపు ఉండేవాళ్లకు ఇంకో ముఖ్యమైన మాట. రైస్ మిల్లుల బూడిద రాత్రికి రాత్రి కారు మీద నల్లగా పడుతుంది. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, ఇసుకలో ఉండేదే. పొడి గుడ్డతో దాన్ని రుద్దితే అద్దం మీద సన్న గీతలు పడతాయి. రాత్రి ఎదురు లైటు పడ్డప్పుడు ఆ గీతలన్నీ మెరుస్తాయి, అప్పుడు ఏ లిక్విడ్ తెచ్చినా లాభం లేదు. ముందు నీళ్లు పోసి బూడిద జార్చాలి, వైపర్ రబ్బరు లేపి తడి గుడ్డతో తుడవాలి, ఆ తర్వాతే అద్దం మీద చెయ్యి పెట్టాలి. పొద్దున్నే తొందరలో వైపర్ ఆన్ చేసి పొడి బూడిద నెట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది.

అసలు మసక లోపలి వైపు ఉంటుంది. బయట ఎంత కడిగినా అది పోదు. మే నెలలో మన ఎండకు కారు లోపల డ్యాష్‌బోర్డు కాలిపోతుంది. ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనాలు ఆ వేడికి ఆవిరై వచ్చి ముందు అద్దానికి పట్టుకుంటాయి. కొత్త కార్లలో ఇది ఎక్కువ. దాని మీద డ్యాష్‌బోర్డు పాలిష్ కొట్టిస్తే సరేసరి, ఆ జిడ్డు కూడా తోడవుతుంది. పగలు తెలియదు. రాత్రి అద్దంకి హైవే మీద ఎదురుగా లారీ వచ్చినప్పుడు లైటు అద్దమంతా పరుచుకుని రోడ్డు అంచు కనిపించదు. అనుమానం ఉంటే ముందు అద్దం లోపల, కింది మూలలో వేలితో గీత గీయండి. వేలు పోయినంత మేర అద్దం వేరే రంగులో కనిపిస్తుంది.

ఈ జిడ్డుకు కోలిన్ కంటే మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బాగా పనిచేసింది. 70 శాతం ఉన్నది తెచ్చి, అంతే బ్యాటరీ వాటర్ కలుపుతాను. అంటే బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు. తలుపులన్నీ తీసి పెట్టి, నిప్పు దగ్గర లేకుండా చూసుకుని, అద్దం మీద కాకుండా గుడ్డ మీద కొట్టాలి. డ్యాష్‌బోర్డు స్క్రీన్‌కు తగలనివ్వకూడదు. ముందు అద్దం కింది భాగానికి అరచెయ్యి అందదు, చెయ్యి తిరగేసి వేళ్ల వెనక వైపుతో గుడ్డను నెడితే మూల దాకా పోతుంది. తడి గుడ్డతో తుడిచిన వెంటనే, ఆరకముందే రెండో పొడి గుడ్డ వెయ్యాలి. చారలు రాకపోవడానికి అసలు కిటుకు ఈ రెండో గుడ్డే. లోపల నిలువుగా, బయట అడ్డంగా తుడిస్తే, చార మిగిలినా అది ఏ వైపుదో వెంటనే తెలుస్తుంది. వెనక అద్దంలో హీటర్ తీగలు ఉంటే మాత్రం తీగల వెంటే తుడవాలి.

గుడ్డ అంటే మైక్రోఫైబరే, అందులోనూ గళ్ల నేత ఉన్నది. పాత బనియన్ నూగు వదులుతుంది. న్యూస్ పేపర్ ఇంట్లో అద్దానికి సరే, కారులో రబ్బరు బీడింగుకు ఇంకు అంటుతుంది. మైక్రోఫైబర్ గుడ్డను కంఫర్ట్ లాంటి వాటిలో ముంచితే ఆ పూత అద్దానికి అంటుకుని మళ్లీ చారలే. విడిగా, కొద్దిపాటి సర్ఫ్‌తో ఉతికి నీడలో ఆరేయాలి.

ఒక సర్వీసింగ్ సెంటర్‌లో డ్యాష్‌బోర్డు పాలిష్ పట్టిన గుడ్డతోనే అద్దాలు తుడిచారు. అడిగితే, "అన్నా, ఎంత గట్టిగ తుడిచినా మసకనే వస్తుంది, నేనేం జెయ్యాలె" అన్నాడు ఆ పిల్లగాడు. అతని తప్పు కూడా కాదు, చేతికి ఇచ్చిన గుడ్డ అదొక్కటే. అప్పటి నుంచి ఎక్కడికి పోయినా, "తమ్ముడూ, అద్దాలు ముట్టకు, కడిగి వదిలెయ్, డ్యాష్‌బోర్డుకు పాలిష్ వద్దు" అని ముందే చెబుతున్నాను.

వరి కోతల ముందు, అక్టోబరు, నవంబరుల్లో, రాత్రి పురుగులు అద్దానికి కొట్టుకుంటాయి. వాటి మీద వైపర్ వేయొద్దు, జిగురు అద్దమంతా పూసుకుంటుంది. ఇంటికి రాగానే తడి గుడ్డ కప్పి కాసేపు ఉంచితే మెత్తబడి వచ్చేస్తాయి. పూత కాలంలో మామిడి చెట్టు కింద కారు పెడితే తేనెమంచు పురుగు జిగురు పడుతుంది, దానికీ ఇదే పద్ధతి, కాకపోతే గోరువెచ్చని నీళ్లు కావాలి.

వాన నీళ్లు జారిపోయేలా చేసే పూతలు కూడా వాడి చూశాను. ముందు అద్దం మీద వైపర్ తిరిగే మేర త్వరగా అరిగిపోయింది, అరిగేటప్పుడు చారలు కూడా పెట్టింది. సైడ్ మిర్రర్ల మీద మాత్రం వానాకాలం చాలావరకు నిలబడింది. మళ్లీ కొంటే మిర్రర్ల కోసమే కొంటాను.