బేస్‌కి మొదటి పెడల్ ఏది: కంప్రెసరా, ఓవర్‌డ్రైవా, ఆక్టేవరా?

బేస్ గిటార్ పట్టి ఏడాదో రెండేళ్లో అయినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. పెడల్ అంటే గిటార్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య పెట్టి, కాలితో ఆన్, ఆఫ్ చేసే ఎఫెక్ట్ పెట్టె. అడిగేటప్పటికే చాలామంది మనసులో ఓవర్‌డ్రైవ్ ఉంటుంది. ట్యూనర్‌ని ఈ లెక్కలోకి తీసుకోవడం లేదు, అది ఎలాగూ ఉండాల్సిందే. మిగిలినవాటిలో ముందు దేనిమీద డబ్బు పెట్టాలన్నదే చర్చ.

ఏది బాగా వినిపిస్తుందని పోల్చుకుంటూ పోతే ఈ చర్చ తెగదు. అందుకే ఇక్కడ ఒకే ఒక్క కొలత పెట్టుకుందాం. ఆ పెడల్ ఆన్ చేసుకుని ఆరు నెలలు సాధన చేశాక, దాన్ని ఆఫ్ చేసి వాయించినా మీ చెయ్యి మెరుగుపడినట్టు తెలియాలి. కొన్ని పెడల్స్ చేతిలోని లోపాన్ని ఎత్తి చూపిస్తాయి, కొన్ని కప్పేస్తాయి. నేర్చుకునే దశలో నా దృష్టిలో మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

ఓవర్‌డ్రైవ్

డ్రైవ్ పెడల్ చేసే పని సిగ్నల్ శిఖరాలను కోసేయడం. గట్టిగా మీటిన నోటూ మెత్తగా మీటిన నోటూ దాదాపు ఒకే ఎత్తులో బయటికొస్తాయి. అంటే రెండు వేళ్ల బలంలో తేడా ఉన్నా వినిపించదు. గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలన్న లెక్క) ఎక్కువ పెట్టుకుని సాధన చేసేవాళ్లు క్లీన్ (ఎఫెక్ట్ లేని) సౌండ్‌లోకి రాగానే తడబడేది ఇందుకే. ఒక మేలు మాత్రం ఉంది: మ్యూట్ చేయని స్ట్రింగ్ ఏదైనా మోగుతుంటే డ్రైవ్ దాన్ని పైకి తెస్తుంది.

గిటార్ కోసం చేసిన డ్రైవ్‌ని బేస్‌కి వాడితే కింది సౌండ్ ఎందుకు పలచబడుతుందో కూడా చెప్పుకోవాలి. ట్యూబ్ స్క్రీమర్ తరహా సర్క్యూట్ సుమారు 720 హెర్ట్జ్‌కి పైనున్న సిగ్నల్‌కే పూర్తి గెయిన్ ఇస్తుంది. కిందికి వెళ్లేకొద్దీ గెయిన్ తగ్గిపోతుంది. బేస్‌లో ఓపెన్ ఈ (E) స్ట్రింగ్ 41.2 హెర్ట్జ్. ఓపెన్ జీ 98. జీ స్ట్రింగ్ మీద 24వ ఫ్రెట్ నొక్కినా 392 దాటదు. అంటే ఫ్రెట్‌బోర్డ్ మీద ఉన్న ఏ నోటు మూల స్వరమైనా ఆ గీతకు కిందే ఉంటుంది. డిస్టార్ట్ అయి మీ చెవిన పడేదంతా హార్మోనిక్సే, అంటే మూల స్వరం పైన తోడుగా మోగే స్వరాలే. మూల స్వరం పెరగకుండా ఉన్నచోటే ఉండి, వాటి ముందు తేలిపోతుంది. బ్యాండ్‌లో కిక్ డ్రమ్ తోడైతే బేస్ ఉన్నట్టే అనిపించదు.

కాబట్టి డ్రైవ్ కొంటే క్లీన్ సిగ్నల్‌ని కలిపే నాబ్ ఉన్నదే కొనండి. బాస్ (Boss) కంపెనీ ఓడీబీ-3లో దాన్ని బ్యాలెన్స్ అంటారు, టెక్ 21 వాళ్ల శాన్స్ఆంప్ బేస్ డ్రైవర్‌లో బ్లెండ్ అంటారు, బేస్ బిగ్ మఫ్‌లో డ్రై స్విచ్ ఉంటుంది. డ్రైవ్ నాబ్ తక్కువలో, బ్లెండ్ సగంలో పెట్టి మొదలుపెట్టండి. గదిలో ఒంటరిగా వాయించేటప్పుడు చాలలేదనిపించే డ్రైవే బ్యాండ్‌లో సరిపోతుంది. ఆన్, ఆఫ్ రెండింటిలో వాల్యూమ్ సమానంగా ఉండేలా లెవెల్ సర్దాకే బాగుందో లేదో తేల్చుకోండి. కాస్త పెద్దగా వినిపించేది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది.

విడిగా ఒక లూప్ (సిగ్నల్‌ని రెండు దారులుగా చీల్చే పెట్టె) పెట్టి క్లీన్, డ్రైవ్ రెంటినీ మీరే కలుపుతుంటే రెండు చిక్కులు వస్తాయి. మొదటిది ఫేజ్: బ్లెండ్ సగానికి తేగానే కింది సౌండ్ మాయమైతే ఒక సిగ్నల్ తిరగబడి ఉందన్నమాట, ఫేజ్ స్విచ్ మార్చండి. రెండోది డిజిటల్ పెడల్ తెచ్చే ఆలస్యం. 1 మిల్లీసెకన్ తేడా వచ్చినా 500 హెర్ట్జ్ దగ్గర ఒక గుంట పడుతుంది. 5 మిల్లీసెకన్లయితే ఆ గుంట 100 హెర్ట్జ్‌కి దిగుతుంది. అప్పుడు జీ స్ట్రింగ్ నోట్లు బోలుగా వినిపిస్తాయి.

ఆక్టేవర్

వాయించిన నోటుకు ఒక ఆక్టేవ్ (సప్తకం) కింది నోటును జోడించేది ఆక్టేవర్. చెయ్యి ఎంత శుభ్రంగా ఉందో దాచకుండా చెప్పడంలో దీన్ని మించింది లేదు. బాస్ ఓసీ-2 1982లో వచ్చింది. అలాంటి అనలాగ్ ఆక్టేవర్లు ఒకసారికి ఒక్క నోటునే పట్టుకోగలవు. పక్క స్ట్రింగ్ కొద్దిగా మోగినా, పాత నోటు ఆగకముందే కొత్తది మొదలైనా, కింది ఆక్టేవ్ ఒక్కసారిగా గరగరలాడి తప్పిపోతుంది. ఎడమచేతి మ్యూటింగ్ ఎక్కడ లోపించిందో ఆ క్షణంలోనే తెలిసిపోతుంది.

మరి అదే మొదటిదిగా ఎందుకు వద్దు? బేస్ మెడ మీద కింది నోట్లు ఉండే భాగంలో అది పెద్దగా పనికిరాదు. ఈ (E) స్ట్రింగ్ కింది నోట్లలో మూల స్వరం కన్నా రెండో హార్మోనిక్ బలంగా ఉంటుంది కాబట్టి సర్క్యూట్ రెండింటి మధ్య ఊగిసలాడుతుంది. ఒకవేళ సరిగ్గా పట్టుకున్నా ఓపెన్ ఈకి కింది ఆక్టేవ్ 20.6 హెర్ట్జ్. మామూలు బేస్ క్యాబినెట్‌లో అది వినపడదు, స్పీకర్ కోన్ మాత్రం ఊరికే కొట్టుకుంటుంది. డీ స్ట్రింగ్ 7వ ఫ్రెట్ దగ్గర వాయిస్తే 110 హెర్ట్జ్ నోటు కింద 55 హెర్ట్జ్, అంటే ఓపెన్ ఏ (A) స్ట్రింగ్ స్వరమే, నిండుగా వస్తుంది. దాని సొంత ఇల్లు ఆ చుట్టుపక్కలే. ట్రాకింగ్ (నోటును పట్టుకోవడం) సరిగా లేకపోతే నెక్ పికప్ వాడి, టోన్ నాబ్ తగ్గించి, మెడకు దగ్గరగా మీటి చూడండి; పెడల్ మార్చాల్సిన పని చాలాసార్లు ఉండదు. దీన్ని డ్రైవ్, కోరస్‌లకు ముందు పెట్టాలి.

రెండో పెడల్‌గా నిశ్చింతగా తీసుకోండి.

కంప్రెసర్, కానీ మీటర్ ఉన్నది

గట్టి నోట్లను నొక్కి మెత్తటివాటికి దగ్గర చేసేది కంప్రెసర్. "కంప్రెసర్ తప్పుల్ని దాచేస్తుంది, నేర్చుకునేవాళ్లు ముట్టుకోకూడదు" అనే మాట బాగా వినిపిస్తుంది. తప్పుగా సెట్ చేస్తే అది నిజమే. 10:1 రేషియోలో (నిర్ణీత స్థాయి దాటిన 10 డెసిబెల్స్‌ని 1కి తగ్గించే లెక్క) 10 డెసిబెల్స్ నొక్కితే ఏ వేలితో ఎలా మీటినా ఒకేలా వస్తుంది. అయితే ఎంత నొక్కుతోందో వరుస లైట్లలో చూపించే కంప్రెసర్ విషయం పూర్తిగా వేరు. ఎంఎక్స్ఆర్ ఎం87లో అలాంటివి 10 ఎల్ఈడీలున్నాయి. ప్రతి నోటుకీ ఎన్ని లైట్లు వెలిగాయన్నది మీరు ఎంత బలంగా మీటారో చెప్పే లెక్క. చెవి మోసపోయినా కన్ను మోసపోదు. ఒకే నాబ్ ఉన్న కంప్రెసర్లు సౌండ్‌కి బాగానే ఉంటాయి, నేర్పడానికి మాత్రం పనికిరావు.

రేషియో 4:1 పెట్టండి. అటాక్ (నొక్కడానికి పట్టే సమయం) 25 నుంచి 30 మిల్లీసెకన్లు, రిలీజ్ (వదలడానికి పట్టే సమయం) 150 నుంచి 200. మీరు మామూలుగా మీటే బలానికి 3 డెసిబెల్స్, బాగా గట్టిగా మీటితే 6 చూపించేదాకా ఇన్‌పుట్ లేదా థ్రెషోల్డ్ (ఏ స్థాయి దాటితే నొక్కాలో చెప్పేది) నాబ్ తిప్పండి. చివరగా ఔట్‌పుట్‌ని పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పటి వాల్యూమ్‌కి సమానం చేయండి. నాబ్‌ల మీద అంకెలు లేని పెడల్ అయితే చెవితో సర్దుకోవాలి: మీటిన తొలి దెబ్బ మొద్దుబారితే అటాక్ మరీ వేగంగా ఉందని అర్థం.

ఈ అంకెలకు కారణముంది. ఓపెన్ ఈలో ఒక్క తరంగం పూర్తి కావడానికి సుమారు 24 మిల్లీసెకన్లు పడుతుంది. అటాక్, రిలీజ్ రెండూ అంతకన్నా బాగా తక్కువైతే కంప్రెసర్ ఒక్క తరంగం లోపలే నొక్కి వదిలేస్తుంటుంది. అలా తరంగం ఆకారమే చెడిపోయి కింది నోట్లు బురబురమంటాయి. చాలామంది స్పీకర్ పాడైందనుకునే శబ్దం ఇదే. రిలీజ్ మరీ ఎక్కువైనా కుదరదు: 120 టెంపోలో ఎనిమిదో నోట్ల మధ్య దూరం 250 మిల్లీసెకన్లు, మీటర్ ఆ లోపల కిందికి దిగకపోతే రెండో నోటు కొలత తప్పుతుంది.

ఇక సాధన. మెట్రోనోమ్ 60లో పెట్టి, ఈ (E) స్ట్రింగ్ 5వ ఫ్రెట్ మీద చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి ఎనిమిదో నోట్లు వాయించండి. చూపు మీటర్ మీదే ఉండాలి. ఒక వేలికి రెండు లైట్లు, ఇంకో వేలికి నాలుగు వెలిగితే తేడా ఎక్కడుందో దొరికినట్టే. చాలామందిలో మధ్యవేలు పొడవు కాబట్టి స్ట్రింగ్ కిందికి లోతుగా దిగి ఎక్కువ లాగుతుంది. ఆ వేలిని కాస్త ఎక్కువ వంచి, రెండు కొనలూ స్ట్రింగ్‌ని ఒకే లోతులో తాకేలా మణికట్టు సర్దుకోండి. లైట్లు సమానమయ్యాక ఈ, ఏ, డీ, జీ స్ట్రింగ్‌ల మీదుగా పైకీ కిందికీ వెళ్లండి. స్ట్రింగ్ మారిన ప్రతిసారీ తొలి నోటుకు మీటర్ ఎగిరిపడుతుందేమో గమనించండి, బలం తప్పేది ఎక్కువగా ఆ మలుపులోనే.

ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. ఏ వేలితో ఎలా మీటినా జీ స్ట్రింగ్‌కి లైట్లు తక్కువే వెలుగుతుంటే తప్పు మీది కాదు, పికప్ ఎత్తుది. స్క్రూడ్రైవర్‌తో జీ వైపు పికప్‌ని కొద్దికొద్దిగా పైకి తెచ్చి మళ్లీ చూడండి. చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకున్నప్పుడు స్ట్రింగ్‌కీ పికప్‌కీ మధ్య 2, 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. మరీ దగ్గరైతే అయస్కాంతం స్ట్రింగ్‌ని లాగి, పై ఫ్రెట్లలో శ్రుతి కలవదు.

నోటు ఆగగానే కంప్రెసర్ చెయ్యి వదిలేస్తుంది, దాంతో అప్పటిదాకా అణిగి ఉన్న వేళ్ల రాపిడీ, పక్క స్ట్రింగ్ మోతా పైకి తేలతాయి. విసుగ్గా ఉన్నా పెడల్‌ని తిట్టకండి. అది చూపిస్తున్నది మీ మ్యూటింగ్‌నే. స్లాప్ వాయించేవాళ్లు అటాక్‌ని 5 నుంచి 10 మిల్లీసెకన్లకు తగ్గించుకోవచ్చు, బొటనవేలి దెబ్బ శిఖరం అక్కడే దొరుకుతుంది. సాధన ఆఖరి పది నిమిషాలు పెడల్ ఆఫ్ చేసి వాయించడం మాత్రం మానకండి.

పెడల్ కొనే వీలు ఇప్పుడే లేదంటే ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి బేస్ పెట్టి, కంప్యూటర్లో రీకాంప్ లాంటి ఉచిత కంప్రెసర్ ప్లగిన్ తెరవండి. అందులోనూ మీటర్ ఉంటుంది, ఇదే సాధన అలాగే చేసుకోవచ్చు.

మిగతావి

మల్టీ ఎఫెక్ట్స్: జూమ్ బీ1 ఫోర్, బాస్ జీటీ-1బీ లాంటివి హెడ్‌ఫోన్స్‌లో వాయించేవాళ్లకు సుఖం. వందల సౌండ్లు ఉండటమే వాటితో ఇబ్బంది, సాధన సమయం మెనూల్లోనే గడిచిపోతుంది. ఇప్పటికే మీ దగ్గర ఒకటుంటే అమ్మేయకండి. కంప్రెసర్ ఒక్కటే ఉన్న ప్యాచ్ (సేవ్ చేసుకునే సెట్టింగ్) చేసుకుని, మిగతావి కొన్నాళ్లు మర్చిపోండి. ఎన్వలప్ ఫిల్టర్ (వా-వా లాంటి సౌండ్ ఇచ్చేది) సరదాగా ఉంటుంది, మీటే బలాన్నిబట్టి తెరుచుకుంటుంది కాబట్టి కంప్రెసర్‌కి ముందుండాలి. కోరస్, డిలే, రివర్బ్‌ల గురించి ఇప్పుడే ఆలోచించనక్కర్లేదు.

కలిపి వాడేటప్పుడు

రెండు మూడు పెడల్స్ చేరాక కంప్రెసర్, ఆక్టేవర్, డ్రైవ్ అనే వరుసతో మొదలుపెట్టండి. కంప్రెసర్ 3, 4 డెసిబెల్స్‌కి మించకపోతే నోటు నిలకడగా ఉండి ఆక్టేవర్ ట్రాకింగ్ బాగుపడుతుంది. గట్టిగా నొక్కితే వేళ్ల చప్పుడు కూడా పెరిగి అది తికమక పడుతుంది, అప్పుడు ఆక్టేవర్‌నే ముందుకు తెచ్చేయండి. డ్రైవ్ తర్వాత ట్వీటర్ (పై సౌండ్ ఇచ్చే చిన్న స్పీకర్) ఉన్న క్యాబినెట్ వాడితే పైన గీసినట్టు వినిపించే రొద వస్తుంది; ట్వీటర్ తగ్గించండి, లేదా ఈక్యూలో 4, 5 కిలోహెర్ట్జ్ పైన కోసేయండి.

పవర్ దగ్గర తొందర వద్దు. చాలా పెడల్స్‌కి 9 వోల్టులు, సెంటర్ నెగటివ్ (ప్లగ్ మధ్య భాగం నెగటివ్) కావాలి, అయినా పెడల్ మీద గుర్తు చూడకుండా ప్లగ్ పెట్టకండి. అనలాగ్ పెడల్ కొద్ది మిల్లీఆంప్స్‌తో సరిపెట్టుకుంటుంది, డిజిటల్‌ది వందల్లో అడగొచ్చు. రెంటినీ ఒకే అడాప్టర్ నుంచి గొలుసు కేబుల్‌తో నడిపితే సన్నటి ఈలలాంటి శబ్దం లోపలికొస్తుంది. డిజిటల్ పెడల్‌ని వేరే అడాప్టర్‌కి మార్చి చూడండి. ఈల ఆగితే ప్రతి పెడల్‌కీ విడి లైన్ ఇచ్చే ఐసోలేటెడ్ సప్లై కొనుక్కోవడమే దారి, ఆగకపోతే ప్యాచ్ కేబుల్స్‌ని ఒక్కొక్కటిగా మార్చుకుంటూ రండి.