లండన్‌లో రోమన్ గోడ: గైడు చూపించనివి

రోమన్లు ఒకప్పుడు లండన్ చుట్టూ కట్టిన గోడలో మిగిలిన ముక్కలు చూపిస్తామని మనిషికి 24 పౌండ్లు తీసుకున్నారు. అమ్మ, వదిన, నేను కలిపి 72. టవర్ హిల్ స్టేషన్ పక్కనున్న ముక్క దగ్గర పది నిమిషాలు నిలబెట్టి, ఆ గైడు మిగిలిన గంటన్నరా ఉరితీతల కథలు చెబుతూ పబ్బుల ముందు తిప్పాడు. నోబుల్ స్ట్రీట్ ఎప్పుడని అడిగితే ‘అది మా దారిలో లేదు’ అన్నాడు. బుకింగ్ చేసినప్పుడు చూపిన ఫొటో ఆ వీధిదే! అమ్మ మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. వదిన భోజనం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ టవర్ హిల్ ముక్క గురించి అతను చెప్పనిది నేను చెబుతాను. పైదంతా మధ్యయుగాల కట్టడం. కింద సుమారు నాలుగు మీటర్లే రోమన్లది, క్రీ.శ. 200 ప్రాంతంలో కట్టింది. కెంట్ నుంచి పడవల్లో తెచ్చిన రాయి మధ్య ఎర్ర పెంకుల వరుసలు కనిపిస్తాయి. గోడ మట్టంగా, గట్టిగా నిలబడింది వాటివల్లే. ఆ వరుసల కోసం వెతికితే ఎంతవరకు రోమన్లదో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

మధ్యాహ్నం మేమే బయలుదేరాం. కూపర్స్ రోలో ఒక హోటలు వెనక ఇంకో పెద్ద ముక్క ఉంది, బాగుంది. వైన్ స్ట్రీట్‌లో కొత్త భవనం అడుగున ఉన్న భాగాన్ని 2023లో తెరిచారు, ప్రవేశం ఉచితం. చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. అమ్మ అక్కడినుంచి కదలనంది.

నోబుల్ స్ట్రీట్‌కు బస్సులో వెళ్లాం, మనిషికి 1.75 పౌండ్లు. 1940లో జర్మన్ బాంబులకు భవనాలు కూలిపోగా గోడ బయటపడిన చోటు అది. క్రీ.శ. 120 నాటికే అక్కడ సైనిక కోట ఉంది. తరువాత నగరం చుట్టూ గోడ కట్టినప్పుడు ఆ కోట గోడనే వాడుకున్నారు, కాకపోతే అది పలచన కాబట్టి లోపలివైపు మరో గోడ చేర్చి మందం పెంచారు. ఆ రెండు గోడలూ పక్కపక్కనే నేటికీ విడివిడిగా కనిపిస్తాయి. వదిన కమ్మీ పట్టుకుని వంగి, ‘ఇదిగో అతుకు, ఇక్కడ!’ అని మాకు చూపించింది. ఉదయం నుంచి ఆమె నవ్వడం అప్పుడే.

గైడుకు డబ్బు ఇవ్వకండి. ముందు వైన్ స్ట్రీట్, చివర నోబుల్ స్ట్రీట్ పెట్టుకోండి. పెద్దవాళ్లుంటే మధ్యలో బస్సెక్కండి.