గురుకులమా, ప్రైవేటు బడిలో ఫ్రీ సీటా?

గురుకులాల పరీక్ష అయిపోయి ఫలితాలు వచ్చేదాకా మా కల్వకుర్తిలో నన్ను ఆపి అడిగేది ఒకటే మాట. "అక్కా, పిల్లగానికి ఐదో తరగతికి గురుకులంల సీటొచ్చేటట్టున్నది. ఇక్కడి ప్రైవేటు బడి సారేమో మా పరిస్థితి చూసి ఫ్రీగ చదివిస్తనంటున్నడు. ఏది మేలంటవ్?" వాడకట్టులో చాలామందికి దరఖాస్తులు నేనే నింపుతాను కాబట్టి నన్నడుగుతారు. అయితే నాకు జవాబు తెలిసింది దరఖాస్తుల వల్ల కాదు, మా చెల్లె కొడుకు వల్ల.

మా మరిది బొంబాయిలో బిల్డింగ్ పనికి పోతాడు. ఇక్కడ చెల్లె కూలికి పోయి ఇద్దరు పిల్లల్ని సాకుతుంది. పెద్దవాణ్ని మూడో తరగతిలో ఒక ప్రైవేటు బడివాళ్లు ఫ్రీగా చేర్చుకున్నారు. మొదటి ఏడాది నిజంగానే ఒక్క రూపాయి అడగలేదు. రెండో ఏడాది ట్యూషన్ ఫీజు లేదన్నారు గానీ పుస్తకాలు, టై, బెల్టు, రెండు జతల యూనిఫాం, పరీక్ష ఫీజు, వ్యాన్ కిరాయి అన్నీ కట్టమన్నారు. చెల్లె, నేను కూర్చుని లెక్కేస్తే పదకొండు వేలు దాటింది. అప్పో సప్పో చేసి కట్టినం.

డబ్బు సంగతి ఎట్లాగో సర్దుకునేవాళ్లమే. ఒకరోజు క్లాసులో ఫీజు బాకీ ఉన్నవాళ్లను లేపి నిలబెట్టారట. వీడూ లేచాడు. "నువ్వు ఫ్రీయే కదా, కూసో" అన్నదట టీచర్. ఆమె చెడ్డగా అనలేదు, ఉన్నమాటే అన్నది. ఇంటికొచ్చి వాడు నన్నడిగాడు: "పెద్దమ్మా, నేను ఫ్రీ పోరణ్నా?"

నా తూకం అక్కడే ఒకవైపు మొగ్గింది. ప్రైవేటు బడిలో ఫ్రీ సీటంటే ఆ యజమాని మనసు. మనసు మారితే, బడి చేతులు మారితే, సీటూ మారుతుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బళ్లలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలంటుంది. మన తెలంగాణలో అది ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది. అందుకే ఇక్కడ ఇచ్చినవాడు దాత, తీసుకున్నవాడు బాకీదారు.

గురుకులం సీటు అట్లా కాదు. హాల్ టికెట్ తీసుకుని, 100 మార్కుల పరీక్ష రాసి పిల్లవాడు సంపాదించుకున్నది. పల్లెల్లో లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షల లోపు ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలే రాస్తారు కాబట్టి అందరూ ఒకే తీరు. పుస్తకాలు, బట్టలు, తిండి, పడక అందరికీ ఉచితమే అయినప్పుడు "ఫ్రీ పోరడు" అనే మాటకు అర్థమే ఉండదు. చాలా గురుకులాల్లో ఇంటర్ దాకా చదువు అక్కడే నడుస్తుంది. ఇది మనకు కొత్త కూడా కాదు. పి.వి. నరసింహారావు పూనికతో 1971లో సర్వేలులో మొదటి గురుకులం పెట్టింది మన పక్కన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే.

ప్రైవేటు బడి వైపు కూడా న్యాయం ఉంది. పిల్లవాడు రాత్రి అమ్మ పక్కన పడుకుంటాడు. ఇది చిన్న విషయమేం కాదు. ఐదో తరగతికి మావాణ్ని గురుకులంలోనే వేసినం. చేరిన నెలకే వాడికి వేళ్ల సందుల్లో గజ్జి వచ్చింది. ఫోన్లో ఏడ్చాడు, చెల్లె ఇక్కడ ఏడ్చింది. తిండి సరిగా లేదని, పిల్లలకు వాంతులయ్యాయని పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా ఇంట్లో టెన్షనే. 2024లో మెస్ చార్జీలు 40 శాతం పెంచారు గానీ, ఆ పెంపు పళ్లెంలో ఎంత కనబడుతుందో బడిని బట్టి ఉంటుంది. సీటొచ్చిన బడికి ఒకసారి అన్నం వేళకు పోయి చూసి రండి.

ఇంకో మాట. చాలామంది పిల్లలు దసరా సెలవులకు ఇంటికొచ్చి మళ్లీ పోనని మొండికేస్తారు. ఆ ఒక్క దసరా గడిపించగలిగితే గండం గడిచినట్టే. మావాణ్ని బస్సెక్కించడానికి నేను, చెల్లె, పక్కింటి తాత ముగ్గురం పోయినం.

మిగతావాటి సంగతి. వట్టెం, చలకుర్తిలో ఉన్న కేంద్ర సర్కారు హాస్టల్ బళ్లు, నవోదయలు, మంచివే, పోటీ మాత్రం చాలా ఎక్కువ. ఆరో తరగతికి రాయించండి, వస్తే సంతోషం, రాకపోతే బాధపడొద్దు. తొమ్మిదో తరగతిలో కొందరిని ఒక ఏడాది హిందీ రాష్ట్రానికి పంపుతారని ముందే తెలుసుకోండి. తల్లో తండ్రో లేని ఆడపిల్లకు, మధ్యలో బడి మానేసిన పిల్లకు ఆరో తరగతి నుంచి కస్తూర్బా సర్కారు హాస్టల్ బడి ఉంది, ప్రవేశ పరీక్ష ఉండదు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు బెస్ట్ అవైలబుల్ స్కూల్ పథకం కింద ప్రైవేటు బడిలో లాటరీలో వచ్చే సీటుకు ఫీజు సర్కారు కడుతుంది. సర్కారు ఆ ఫీజు బకాయి పెడితే ఇబ్బంది పడేది పిల్లలే.

కులం, ఆదాయం సర్టిఫికెట్లు దరఖాస్తు గడువు ముందర పరుగెత్తకుండా దసరాకే మీసేవలో తీసిపెట్టుకోండి. మావాడిప్పుడు ఆరో తరగతి. మొన్న ఇంటివాళ్లు పిల్లల్ని కలిసే రోజు పోతే, నేను తెచ్చిన సకినాల డబ్బా పట్టుకుని దోస్తుల దగ్గరికి ఉరికిండు. నాతో మాట్లాడింది రెండు నిమిషాలే.