ఇంటికొచ్చి రక్తం తీసే షుగర్ టెస్ట్: ఏది నమ్మొచ్చు, ఏది వద్దు

ఏళ్ల తరబడి వాడాక నా మాట ఇది. మూడు నెలల షుగర్ టెస్ట్, అంటే హెచ్‌బీఏ1సీకి, ఇంటికి మనిషిని పిలిపించుకోవడం నిక్షేపంలాంటి పద్ధతి. అదే మనిషితో పరగడుపు షుగర్ కూడా తీయిస్తే మాత్రం ఆ అంకెను కాస్త అనుమానంగానే చూడాలి. గుచ్చే సూది ఒకటే అయినా, ఇంటి నుంచి ల్యాబ్‌కు వెళ్లే దారిలో తేడా వస్తుంది.

హెచ్‌బీఏ1సీ చెప్పేది ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌లో ఎంత శాతానికి చక్కెర అతుక్కుందన్నది. ఒకసారి గట్టిగా అతుక్కున్నది ఆ ఎర్రకణం బతికినన్నాళ్లు, దాదాపు 120 రోజులు, వదలదు. కాబట్టి శాంపిల్ ఐస్ డబ్బాలో నాలుగు గంటలు ఊరంతా తిరిగినా ఫలితానికి ఢోకా లేదు. మామూలు షుగర్ అలా కాదు. ట్యూబ్‌లో పడ్డాక కూడా రక్తకణాలు గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. బూడిద రంగు మూత ట్యూబ్‌లో ఫ్లోరైడ్ వేసేది దీన్ని ఆపడానికే. కానీ అది పూర్తిగా పనిచేయడానికి గంట, రెండు గంటలు పడుతుంది. ఈలోగా పోయేది పోతుంది, రిపోర్టు చూసి మనం ఊరికే సంబరపడతాం.

తిన్నాక చూసే షుగర్‌కైతే ఇంటి సర్వీసు దండగే. రెండు గంటలు లెక్కపెట్టాల్సింది మొదటి ముద్ద నుంచి. వాళ్లిచ్చే టైమేమో ‘ఒంటిగంట నుంచి రెండు లోపు’. దీనికి గ్లూకోమీటరే మేలు. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. మామిడిపండు కోసిన వేలితో చూస్తే అంకె ఎక్కడికో పోతుంది. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. మీటర్‌కు 15 శాతం అటూ ఇటూ ప్రమాణాల్లోనే అనుమతి ఉంది, దాన్ని ల్యాబ్ అంకెతో పోల్చి కంగారుపడొద్దు.

రక్తం తీసేటప్పుడు చూడాల్సింది హెచ్‌బీఏ1సీకి వాడే ఊదా మూత ట్యూబ్‌ను. గీత వరకు నింపి, వెంటనే ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేయాలి. ఊపకూడదు. హడావిడిలో చాలామంది నేరుగా డబ్బాలో పడేస్తారు. సాయంత్రం ‘శాంపిల్ గడ్డకట్టింది, మళ్లీ తీయాలి’ అని ఫోన్ వచ్చేది అందుకే. చేతికి కట్టిన రబ్బరు పట్టీ నిమిషం దాటకూడదు. కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్, పొటాషియం కూడా రాయించుకుంటే ముందు పసుపు మూత, తర్వాత ఊదా, చివర బూడిద రంగు. ఊదా దాంట్లో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ ఒక పొటాషియం లవణం. అది చుక్కైనా పసుపు ట్యూబ్‌లోకి వెళితే పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా చూపిస్తుంది. పేరు, బార్‌కోడ్ మన ఎదుటే అంటించమనాలి.

హెచ్‌బీఏ1సీ ఒక్కదానికి పరగడుపు అక్కర్లేదు. టిఫిన్ తిని, మాత్రలు వేసుకుని, స్లాట్లు ఖాళీగా ఉండే మధ్యాహ్నం బుక్ చేసుకోవచ్చు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మందులు వాడేవాళ్లు తొమ్మిదింటి దాకా ఖాళీ కడుపుతో ఎదురుచూసి షుగర్ పడిపోయే అవస్థ తప్పుతుంది.

రిపోర్టులో పద్ధతి హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచేది) అని ఉందా, ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తు ఉందా చూసి, ఆ తర్వాత ల్యాబ్ మార్చకపోవడం మంచిది. హెచ్‌బీఏ1సీ 7 శాతమంటే సగటు షుగర్ డెసిలీటరుకు 154 మిల్లీగ్రాములు, 8 అంటే 183. కానీ 7.1 నుంచి 7.3కి వెళితే దాన్ని పెరగడం అనరు. అర శాతం కదిలితే పట్టించుకోవాలి.

ఐరన్ లోపం ఉంటే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపొచ్చు. రక్తం ఎక్కించుకున్నా, ఈమధ్య బాగా రక్తం పోయినా, కిడ్నీ జబ్బుకు ఎరిత్రోపోయిటిన్ (రక్తం పెంచే) ఇంజెక్షన్లు నడుస్తున్నా తక్కువ చూపొచ్చు. అందుకే అదే ఊదా ట్యూబ్‌తో రక్తహీనత ఉందేమో చూసే సీబీసీ (రక్తకణాల లెక్క) కూడా చేయించాలి, ఇంకో పోటు అక్కర్లేదు. మీటర్‌కూ దీనికీ పొంతన కుదరకపోతే డాక్టర్‌ను ఫ్రక్టోసమీన్ అనే రక్తపరీక్ష గురించి అడగండి. అది గత రెండు మూడు వారాల సంగతి చెబుతుంది.

ఫోన్‌లో ఎనభై టెస్టుల ప్యాకేజీ అంటగట్టబోతే ఒక్క ప్రశ్న వేయండి: యూరిన్ ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి ఉందా? షుగర్ ఉన్నవాళ్లకు ఏడాదికోసారి కావాల్సింది అది. చాలా ప్యాకేజీల్లో దాని బదులు మామూలు యూరిన్ టెస్ట్ పెడతారు. కిడ్నీ దెబ్బతినే తొలిదశలో మూత్రంలోకి కారే కొద్దిపాటి ఆల్బుమిన్ అనే ప్రొటీన్ అందులో దొరకదు.