లివర్ యాక్షన్ రైఫిల్ ఉన్నవాళ్లు స్కోప్ మౌంట్ కోసం ఆ షాపుకి వెళ్లకండి

తిరుపతి, చిత్తూరు వైపు పాత లివర్ యాక్షన్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరి లివర్ కిందికి లాగి తూటా మార్చే రకం) ఇంట్లో ఉన్నవాళ్లకి చెబుతున్నా. స్కోప్ (గురి చూసే దుర్బిణి) బిగిస్తానని పిలిచే ఆ షాపు ఆయన చేతికి మాత్రం తుపాకీ ఇవ్వకండి. ఎవరో విడమర్చి చెప్పక్కర్లేదు, లైసెన్సు ఉన్నవాళ్లలో ఆయన గుమ్మం ఎక్కనివాళ్లు తక్కువ. కోపం ఇంకా దిగలేదు, మాట వెనకా ముందూ అయితే సర్దుకుని చదవండి. మా తాత వించెస్టర్ 94 రైఫిల్ రిసీవర్‌కి (గొట్టం వెనక ఉండే నడిమి ఇనుప భాగం) ఆయన మూడు బెజ్జాలు వేశాడు. మమ్మల్ని అడగలేదు. మేం భోజనానికి వెళ్లిన సమయం చూసి వేశాడు.

ముందు సంగతి గబగబా చెప్పేస్తా. మాది పలమనేరు వైపు పల్లె. చిత్తూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో తాత ఈ రైఫిల్‌ని మద్రాసులో కొన్నాడు. .30-30 తూటా. తాత పోయాక వారసత్వం కింద లైసెన్సు నాయన పేరు మీదికి వచ్చింది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో వేట మాటే లేదు. ఎప్పుడైనా షూటింగ్ రేంజికి తీసుకెళ్లి నాలుగు తూటాలు కాల్చడం, ఇంటికి తెచ్చి గొట్టం తుడిచి నూనె పెట్టడం, అంతే దాని పని. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చేయడం, అయిపోయాక నాయనే వెళ్లి తెచ్చుకోవడం. ఆ రైఫిల్‌ని ఆయన ఇంకొకరి చేత మోయించడు.

నాయనకి చూపు తగ్గింది. ముందు సైటు, వెనక సైటు, టార్గెట్ మూడూ ఒకేసారి కనబడాలంటే వయసు మీదపడ్డ కళ్లకి కష్టం. చిన్న స్కోప్ పెట్టిస్తే ఇంకొన్నేళ్లు సరదాగా కాలుస్తాడని నాకు ఆశ. షాపుకి ఫోన్ చేసి వివరంగా చెప్పాను. వించెస్టర్ 94, పాతది, పేలిన తూటా ఖాళీ కేసు పైనుంచి ఎగిరే రకం అని కూడా చెప్పాను. ఆయన ఒక్క ప్రశ్న అడగలేదు. "లివర్ యాక్షనే కదా సార్, అన్నిటికీ ఒకటే మౌంట్. నా దగ్గర రెడీగా ఉంది. పెద్దాయన్ని తీసుకుని వచ్చేయండి" అన్నాడు.

మౌంట్ అంటే స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే బిగింపు. అన్నిటికీ అది ఒకటే అనేది పచ్చి అబద్ధం. దాని మీదే ఈ గొడవంతా నడిచింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

దూరం నుంచి చూస్తే మార్లిన్ 336, వించెస్టర్ 94 అన్నదమ్ముల్లా ఉంటాయి. కింద లివర్, గొట్టం కింద తూటాల ట్యూబు, వెనక బయటికి కనబడే, తూటాని పేల్చే హ్యామర్. కానీ రిసీవర్ దగ్గరికి వచ్చేసరికి రెంటికీ పొంతన లేదు. మార్లిన్ రిసీవర్ పైభాగం మూసి ఉంటుంది, ఖాళీ కేసు కుడి పక్కనుంచి బయటికి పోతుంది. తర్వాతి కాలంలో వచ్చినవాటికి పైన స్కోప్ బేస్ (మౌంట్ అడుగు ముక్క) కోసం ఫ్యాక్టరీలోనే బెజ్జాలు వేసి మరలు కోసి ఇచ్చారు. సరైన బేస్ తెచ్చుకుంటే స్క్రూడ్రైవర్‌తో అయిపోయే పని.

వించెస్టర్ 94 అలా కాదు. జాన్ బ్రౌనింగ్ దాన్ని గీసిన కాలంలో ఇలాంటి రైఫిల్ మీద స్కోప్ పెట్టాలన్న ఆలోచనే లేదు. రిసీవర్ పైన తెరిచి ఉంటుంది, అక్కడ కనబడేది తూటాని గొట్టంలోకి తోసి మూసే బోల్టే. లివర్ కిందికి లాగితే బోల్టు వెనక్కి వచ్చి ఖాళీ కేసుని నేరుగా పైకి విసురుతుంది. బేస్ కూర్చోవడానికి పైన చోటే లేదు. ఎలాగోలా అక్కడ స్కోప్ పెట్టినా కేసు పోవడానికి దారి ఉండదు. ఈ చిక్కు కంపెనీకీ తెలుసు. అందుకే 1982లో డిజైన్ మార్చి కేసు కుడి పక్కకి వాలుగా పోయేలా చేశారు. యాంగిల్ ఎజెక్ట్ అని పిలిచేది దాన్నే. మాది అంతకంటే చాలా ముందుది. తుపాకుల షాపు బోర్డు పెట్టుకున్న మనిషికి ఇది తెలియకుండా ఉండదు.

వెళ్లాం. లైసెన్సు చూశాడు, రైఫిల్ తీసుకున్నాడు, పెట్టెలోంచి మౌంట్ తీశాడు. మార్లిన్ బేస్ అది. రిసీవర్ పైన పెట్టి చూశాడు, కూర్చోలేదు. కూర్చోదు కూడా. నేను వెంటనే "ఇది మార్లిన్‌ది కదండీ, దీనికి సరిపోదు" అన్నాను. "చిన్న అడ్జస్ట్‌మెంట్ సార్, నేను చూసుకుంటా. మీరు భోంచేసి రండి, ఈలోపు కొలతలు తీసుకుంటా" అన్నాడు. కొలతలు అన్నాడు. డ్రిల్లు అన్న మాట ఆయన నోట రాలేదు. నాయన వెళ్లబోతూ ఆగి, నా ముందే స్పష్టంగా చెప్పాడు: "కోత, బెజ్జం ఏదీ వద్దు నాయనా. సరిపోకపోతే అలాగే తిరిగిచ్చేయ్." ఆయన తలూపాడు. తలూపడం నేను చూశాను.

తిరిగి వచ్చేసరికి రైఫిల్ బల్ల మీద వైస్‌లో బిగించి ఉంది. వైస్ పళ్లకి గుడ్డముక్క కూడా అడ్డం పెట్టలేదు. ఎడమ పక్కన, ఇన్నేళ్లుగా తాత చెయ్యి, నాయన చెయ్యి తగిలి నీలిరంగు కాస్త కాస్తగా వెలిసిన చోట, ఏదో మందపాటి ఇనుప పలక మూడు స్క్రూలతో దిగగొట్టి ఉంది. కింద గుడ్డ మీద ఇనుప రజను మెరుస్తోంది. పలక మీద రింగులు, రింగుల్లో ఇంతలావు స్కోప్.

నాయన ఏమీ అనలేదు. ముందుకెళ్లి వైస్ తనే విప్పాడు. రైఫిల్ చేతిలోకి తీసుకుని బెజ్జాలున్న చోట బొటనవేలితో తడిమాడు. నేనే అడిగాను, "బెజ్జం వద్దని చెప్పాం కదా?" అని.

"స్కోప్ పెట్టమన్నది మీరే కదా. గాల్లో నిలబెట్టమంటారా?" అన్నాడు.

"సరిపోకపోతే తిరిగిచ్చేయమన్నాడు కదా మా నాయన?"

దానికి ఆ మనిషి నాయన వైపు కూడా చూడకుండా అన్న మాట ఇది: "తాతల తుపాకీ అంత అపురూపమైతే బీరువాలో పెట్టి పూజ చేసుకోవాలి. షాపుకి ఎందుకు తెస్తారు?"

డెబ్బై దాటిన మనిషి ముందు ఆ మాట అన్నాడు. షాపులో ఇంకో ఇద్దరు కస్టమర్లు కూడా ఉన్నారు. నాకు బెజ్జాల కంటే ఆ మాటే ఎక్కువ మండుతోంది. బెజ్జం తప్పుగా పడింది, క్షమించండి అని ఉంటే మేం మారు మాట్లాడకుండా వచ్చేసేవాళ్లం. నాయన స్వభావం నాకు తెలుసు. తప్పు చేసినవాడు ఒప్పుకుంటే ఆయన మరి గట్టిగా మాట్లాడడు.

నాయన దగ్గర డమ్మీ తూటాలు ఉంటాయి, ఎప్పుడూ సంచిలో ఉంచుకుంటాడు. అక్కడే ఒకటి ఎక్కించి లివర్ లాగాడు. డమ్మీ పైకి లేచి స్కోప్ ట్యూబుకి తగిలి తిరిగి లోపల పడింది. బోల్టు దాన్ని అడ్డంగా పట్టుకుంది, లివర్ సగంలో ఆగిపోయింది. ఇంకోసారీ అంతే. పాత 94కి సైడ్ మౌంట్ అనేది ఉంది, నేను కాదనడం లేదు. కానీ దాని రింగులు స్కోప్‌ని గొట్టం గీతకి ఎడమగా పక్కకి జరిపి పట్టుకోవాలి, కేసు కుడివైపు ఖాళీలోంచి పైకి పోవాలి. ఈయన పలక పక్కన కొట్టి స్కోప్‌ని మాత్రం సరిగ్గా నడినెత్తిన నిలబెట్టాడు. పక్కన బిగించి ప్రయోజనం ఏముంది?

హ్యామర్ సంగతి ఇంకా ప్రమాదం. పాత 94లో విడిగా సేఫ్టీ బటన్ లేదు. అడ్డంగా నొక్కే సేఫ్టీ 1992లో గానీ రాలేదు. హ్యామర్‌ని బొటనవేలితో పట్టుకుని మెల్లగా హాఫ్ కాక్ (సగం ఎత్తిన స్థితి) మీదికి దించడమే పాతవాటికి సేఫ్టీ. స్కోప్ వచ్చి హ్యామర్ నెత్తిన కూర్చుంటే వేలు పట్టడానికి చోటు ఉండదు. వేలు జారితే లోపల తూటా ఉందని గుర్తుంచుకోండి. అందుకే స్కోప్ పెట్టిన లివర్ రైఫిల్‌కి హ్యామర్ పక్కకి పొడుచుకొచ్చే చిన్న ముక్క బిగిస్తారు. చవకైన వస్తువే. ఆయన దాని పేరు కూడా ఎత్తలేదు. అడిగితే "అలవాటైపోతుంది" అన్నాడు.

ఆ స్కోప్ కూడా 6-24 పవర్ (6 నుంచి 24 రెట్లు పెద్దగా చూపేది), 50 మి.మీ. అద్దం. ఇనుప సైట్ల కోసం చెక్కిన బట్టు (భుజానికి ఆనించే కర్ర) మీద చెంప ఆనిస్తే కన్ను ఎక్కడో కింద ఉంటుంది, స్కోప్ ఎక్కడో పైన. తల ఎత్తి గాల్లో పెట్టి చూడాలి. .30-30తో నూరు, నూటయాభై గజాల కాల్పుకి ఒకటిన్నర నుంచి ఐదు పవర్ చిన్న స్కోప్, తక్కువ ఎత్తు రింగులు చాలు. ఫోన్‌లో నేను అడిగింది అదే.

తీసేయమన్నాం. తీశాడు. కానీ పలక డబ్బు, మౌంట్ డబ్బు, డ్రిల్లు వేసిన కూలీ కూడా కట్టేదాకా రైఫిల్ బల్ల మీంచి కదలదన్నాడు. వద్దన్న పనికి కూలీ! నేను వాదిస్తుంటే నాయన చెయ్యి పట్టుకుని ఆపి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి బయటికి వచ్చేశాడు. దారి పొడుగునా మాట లేదు. చంద్రగిరి దాటాక "నాయన ఉంటే ఏమనేవాడో" అన్నాడు. అది తన గురించి కాదు, తాత గురించి.

ఇంటికి వచ్చాక మా బావకి చూపించాం. ఆర్మీలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసే పనిలో, చేసి రిటైరైన మనిషి. చెయ్యి వెయ్యలేదు, చూసి చెప్పాడంతే. స్కోప్ బేసులకి మామూలుగా వాడేది 6-48 స్క్రూ, అంటే అంగుళానికి 48 సన్నని మరలు. ఇక్కడ హార్డ్‌వేర్ షాపులో దొరికే నాలుగు మి.మీ. స్క్రూకి మరలు కోశారు. ఒక బెజ్జం వంకరగా దిగింది. ఇంకోదాంట్లో స్క్రూ కొన లోపలి గోడ దాటి బోల్టు పక్కన గీత పెట్టింది. గోడ మందం ఎంతో కొలవకుండానే డ్రిల్లు దించారన్నమాట. ఇక కొలతలు దేనికి తీసుకున్నట్టు?

ఇంకొకటి కొనుక్కోవచ్చు కదా అనేవాళ్లుంటారు. ఎక్కడ కొనాలి? మామూలు జనం విదేశీ తుపాకీ దిగుమతి చేసుకోవడం 1980ల నుంచే ఆగిపోయింది. మన దేశంలో ఉన్న పాత వించెస్టర్లు ఉన్నవే, కొత్తగా వచ్చేవి లేవు. 1964కి ముందు చేసినవాటికి ప్రపంచమంతటా గిరాకీ ఉంది, ఆ గిరాకీ కూడా ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటేనే. అదనంగా ఒక్క బెజ్జం పడినా విలువ పడిపోతుంది. మేం అమ్మేవాళ్లం కాదు గానీ, ఆ మనిషి మా నుంచి ఏం తీసేశాడో మీకు అర్థం కావాలని చెబుతున్నా.

మీ ఇంట్లో ఇలాంటి రైఫిల్ ఉంటే మౌంట్ అడిగే ముందు దాని మోడల్, ఖాళీ కేసు పైకి పోతుందా పక్కకి పోతుందా అన్నది చూసుకోండి. పైకి పోయేదైతే, పైన స్కోప్ పెడతానన్న మనిషి దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండకండి. వెనక సైటు ఉన్న గాడిలో బిగించుకునే ముందువైపు మౌంట్లు ఉన్నాయి, వాటికి కంటికి దూరంగా ఉన్నా చూడగలిగే తక్కువ పవర్ స్కోప్ కావాలి, బెజ్జం అక్కర్లేదు. వయసు మీరిన కళ్లకైతే సన్నని రంధ్రంలోంచి చూసే పీప్ సైటు ఇంకా మేలు. టాంగ్ (రిసీవర్ వెనక కర్రలోకి సాగే ఇనుప తోక) మీద ఫ్యాక్టరీ బెజ్జాలు ముందే ఉన్న పాత రైఫిళ్లకి అది అలాగే కూర్చుంటుంది. పని ఎవరు చేసినా ఆయుధాల రిపేరుకి లైసెన్సు ఉందో లేదో అడిగి చూడండి, ఆయుధాల చట్టం ప్రకారం అది లేకుండా చెయ్యి వేయకూడదు. ఏ పని చేయాలో, ఏది చేయకూడదో రైఫిల్ నంబరుతో సహా కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. పని అయ్యేదాకా పక్కనే కూర్చోండి. టీ తాగి రండి, భోంచేసి రండి అంటే రైఫిల్ కూడా తీసుకుని వెళ్లండి.

చివరిగా ఒక సాయం. ఆ బెజ్జాల్ని వెల్డింగ్‌తో పూడ్చొద్దని, ఆ వేడికి రిసీవర్ గట్టిదనం పాడవుతుందని బావ గట్టిగా చెప్పాడు. గోడకి సమానంగా కూర్చునే బ్లాంక్ స్క్రూలు కొలతకి చేసి వేయాలట. అలాంటి పని ఓపికగా చేసే, రిపేరు లైసెన్సు ఉన్న పనివాళ్లు చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ఎవరైనా తెలిస్తే చెప్పండి. నాయన్ని కూడా తీసుకొస్తాను. పని జరిగినంతసేపూ మేం అక్కడే ఉంటాం, దానికి ఒప్పుకునేవాళ్లయితేనే చెప్పండి.