పారా ఎస్‌ఎఫ్‌కా, మార్కోస్‌కా?

కమాండో కావాలని కలలు కనే తమ్ముళ్లు ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. పారాచూట్ కమాండోల దళమైన పారా స్పెషల్ ఫోర్సెస్‌కు (పారా ఎస్‌ఎఫ్) దారి సైన్యంలోంచి, సముద్ర కమాండోల దళమైన మార్కోస్‌కు దారి నౌకాదళంలోంచి. మీరు ఎందులో చేరారన్న దానితోనే సగం నిర్ణయం అయిపోతుంది.

సైన్యంలో ఏ రెజిమెంట్ జవానైనా, ఆఫీసరైనా పారా ఎస్‌ఎఫ్‌కు స్వచ్ఛందంగా పేరు ఇవ్వొచ్చు. నేరుగా పారాచూట్ రెజిమెంట్‌లో భర్తీ అయి వచ్చేవాళ్లూ ఉంటారు. తర్వాత దాదాపు మూడు నెలల ప్రొబేషన్, అంటే పరీక్షా కాలం. సరిగా నిద్ర ఉండదు, వీపున బరువుతో కిలోమీటర్ల కొద్దీ నడక, పరుగు. చాలామంది మధ్యలోనే తమ పాత యూనిట్‌కు వెళ్లిపోతారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఆ గడప దాకా వెళ్లడమే గొప్ప. నెగ్గినవాళ్లకు పారా ఎస్‌ఎఫ్ గుర్తు అయిన బలిదాన్ బ్యాడ్జి దక్కుతుంది.

మార్కోస్ 1987లో ఏర్పడింది. ఇక్కడా స్వచ్ఛందమే. మొదట దేహదారుఢ్య వడపోత, ఆపైన కొన్ని వారాల నరకం. ముంబైలోని నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ అభిమన్యు వీళ్లకు పుట్టిల్లు. నీళ్లంటే జంకేవాళ్లు అటు చూడకపోవడమే మేలు. పారాచూట్‌తో దూకడం మాత్రం ఇరువురూ ఆగ్రాలోనే నేర్చుకుంటారు.

మన భీమిలి తీరాన ఉన్న ఐఎన్‌ఎస్ కర్ణ 2016 నుంచి మార్కోస్ స్థావరం. సముద్రంలో ఈదుతూ పెరిగిన కుర్రాడు అడిగితే నేను మార్కోస్‌కే ఓటేస్తాను.