స్కూబా పరికరాలు ఎక్కడ కొనాలి: డైవింగ్ దుకాణంలోనా, ఆన్‌లైన్‌లోనా?

ఇన్నేళ్లుగా డైవింగ్ కోసం నేను కొన్న పరికరాలలో సగం దుకాణంలో చేత పట్టుకుని చూసి కొన్నవి, మిగిలిన సగం తెర మీద బొమ్మ చూసి తెప్పించుకున్నవి. రెండు చోట్లా మంచి వస్తువులు దొరికాయి, రెండు చోట్లా డబ్బు వృథా అయింది. ఏది మేలని కొత్తగా శిక్షణ ముగించినవారు అడిగినప్పుడల్లా, కొనబోయేది ఏ వస్తువని ముందు అడుగుతాను. టార్చి విషయంలో చెప్పే సమాధానం మాస్క్‌కు చెల్లదు, మాస్క్ విషయంలో చెప్పేది సిలిండర్‌లోని గాలిని పీల్చుకునేలా అందించే రెగ్యులేటర్‌కు సరిపోదు.

రెగ్యులేటర్‌తోనే మొదలుపెడతాను, ఎందుకంటే నేను ఎక్కువగా నష్టపోయింది దానితోనే. నిండు సిలిండర్‌లో సుమారు 200 బార్ల పీడనంతో ఉండే గాలిని, సిలిండర్‌కు బిగించే ఫస్ట్ స్టేజ్ అనే భాగం, చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే 9 లేదా 10 బార్లు మాత్రమే ఎక్కువగా ఉండే మధ్యస్థ పీడనానికి దించుతుంది. నోటిలో పెట్టుకునే సెకండ్ స్టేజ్ దానిని మనం ఉన్న లోతులోని నీటి పీడనానికి తెచ్చి, పీల్చినప్పుడు మాత్రమే అందిస్తుంది. ఈ పనంతా ఒక చిన్న వాల్వ్ సీటు (వాల్వ్ మూసుకునేటప్పుడు ఆనే భాగం) మీద, కొన్ని ఓ-రింగుల (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాల) మీద ఆధారపడి ఉంటుంది. నేను ఆన్‌లైన్‌లో కొన్నది పేరున్న కంపెనీ రెగ్యులేటరే, ధర కూడా దుకాణంలో చెప్పిన దానికంటే బాగా తక్కువ. మొదటి కొన్ని డైవ్‌లలో ఏ లోపమూ కనబడలేదు. ఆ తరువాత ఒకరోజు నీటిలోకి దిగకముందే సెకండ్ స్టేజ్ నుంచి సన్నగా గాలి కారడం వినిపించింది. దుకాణానికి తీసుకువెళ్తే అక్కడి టెక్నీషియన్ డైవింగ్ జాకెట్‌లోకి గాలి పంపే ఇన్‌ఫ్లేటర్ గొట్టానికి ఒక చిన్న గేజ్ తగిలించి, కదలకుండా నిలవవలసిన ముల్లు 9.5 బార్ల దగ్గర మొదలై అయిదు నిమిషాలలో 11 దాటిపోవడం నాకు చూపించారు. ఫస్ట్ స్టేజ్‌లోని సీటు పూర్తిగా మూసుకోకపోవడం వల్ల మధ్యస్థ పీడనం మెల్లగా పెరుగుతూ, చివరికి సెకండ్ స్టేజ్ వాల్వ్‌ను నెట్టుకుని గాలి బయటికి వస్తోందని అప్పుడు అర్థమైంది.

లోపం కనిపెట్టడానికి పది నిమిషాలు పట్టలేదు, బాగుచేయించడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. నాకు అమ్మినవారు ఆ కంపెనీ అధీకృత డీలర్లు కారు కాబట్టి కంపెనీ వారంటీ వర్తించలేదు. అమ్మినవారు ఇచ్చిన సొంత వారంటీ ప్రకారం వస్తువును నా ఖర్చుతో వారికి తిప్పి పంపవలసి వచ్చింది. కొనేటప్పుడు ఆ షరతును చదవకపోవడం నా తప్పే, కాని ధర పక్కనే పెద్ద అక్షరాలతో రాయవలసిన విషయాన్ని ఎక్కడో అడుగున పెట్టడం సరైన పద్ధతి కాదని ఇప్పటికీ అనుకుంటున్నాను. చాలా కంపెనీలు సర్వీస్ కిట్లను, మరమ్మతు శిక్షణను తమ డీలర్లకే ఇస్తాయి. రెగ్యులేటర్‌ను కంపెనీని బట్టి ఏటా గాని, రెండేళ్లకొకసారి గాని, ఇన్ని డైవ్‌లకొకసారని గాని విప్పి శుభ్రం చేయించాలి. కాబట్టి మీరు కొనదలచిన మోడల్‌కు మీకు దగ్గరలో సర్వీస్ చేసేవారు ఉన్నారో లేదో కొనకముందే కనుక్కోవాలి. ఎవరూ లేకపోతే, ఎంత తక్కువ ధరకు వచ్చినా దానిని వదిలివేయమనే చెబుతాను.

ఆన్‌లైన్‌లో రెగ్యులేటర్ కొనడమే తప్పని నేను అనను. కంపెనీ వెబ్‌సైటులో ఇచ్చిన డీలర్ల జాబితాలో ఆ అమ్మకందారు పేరు ఉంటే వారంటీ చిక్కు చాలావరకు తీరుతుంది. అయితే దుకాణంలో ఎవరైనా అడిగి తెలుసుకునే కొన్ని సంగతులను ఇక్కడ మనమే చూసుకోవాలి. మీరు వాడే సిలిండర్లకు డిన్ వాల్వులు (రెగ్యులేటర్‌ను స్క్రూలా లోపలికి తిప్పి బిగించేవి) ఉన్నాయా, యోక్ వాల్వులు (చుట్టూ చట్రంతో పట్టి బిగించేవి) ఉన్నాయా అన్నది మొదటి సంగతి. డిన్ రెగ్యులేటర్‌ను యోక్ వాల్వ్‌కు అడాప్టర్‌తో బిగించుకోవచ్చు, యోక్ రెగ్యులేటర్ మాత్రం 300 బార్ల డిన్ వాల్వ్‌కు పట్టదు. నీరు ఎంత చల్లగా ఉంటుందన్నది రెండవది. యూరోపియన్ ప్రమాణమైన ఈఎన్ 250 ప్రకారం 10 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లని నీటికి పనికిరాని రెగ్యులేటర్ల మీద ఆ సంగతిని ముద్రిస్తారు. కాని అమ్మకపు పేజీలోని ఫోటోలో ఆ ముద్ర చాలాసార్లు కనబడదు.

మాస్క్ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు, దానిని దుకాణంలోనే కొనాలి. ముఖాలు ఒకదానిలా మరొకటి ఉండవు, ఎన్ని నక్షత్రాల రేటింగ్ ఉన్నా ఆ రేటింగ్ ఇచ్చినవారి ముక్కు మీది కాదు. పట్టీ వేసుకోకుండా మాస్క్‌ను ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి చేతులు తీసేస్తే అది అలాగే నిలబడాలి. చాలామంది అక్కడితో ఆపేస్తారు, కాని నోటిలో రెగ్యులేటర్ మౌత్‌పీస్ పెట్టుకుని కూడా ఇదే పరీక్ష చేయాలి, ఎందుకంటే పెదవులు దానిని పట్టుకున్నప్పుడు బుగ్గలు, ముక్కు కింది భాగం ఆకారం మారతాయి. మీసం ఉన్నవారికి నీరు కారేది సరిగ్గా అక్కడే. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న రెండు మాస్కులు ఈ రెండవ పరీక్షలో ఓడిపోయాయి. నేను మాత్రం ఆ సంగతి నీటిలోకి దిగాకే తెలుసుకున్నాను. మాటిమాటికీ మాస్క్‌లోంచి నీరు ఊదుకుంటూ గడిపిన ఆ డైవ్‌లలో చేపల కంటే నా కంగారే నాకు ఎక్కువగా గుర్తుంది.

వెట్‌సూట్ కూడా ఒంటి మీద వేసుకుని చూడవలసిన వస్తువే. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా శరీరపు వేడిని లాగేస్తుంది, నడుము వెనుక, మెడ దగ్గర ఖాళీ ఉంటే చల్లని నీరు లోపలికి వస్తూ పోతూ ఉంటుంది. 10 మీటర్ల లోతులో పీడనం రెట్టింపై సూట్‌కు వాడే నియోప్రీన్ రబ్బరులోని గాలి బుడగలు సగానికి కుదించుకుపోతాయి కాబట్టి, ఉపరితలం మీద చాలనిపించిన మందం అక్కడ చాలకపోవచ్చు. ఏ లోతుకు, ఏ కాలంలో దిగుతారో అడిగి, 3 మిల్లీమీటర్లు చాలునా, 5 కావాలా అని చెప్పగలిగే మనిషి ఎదురుగా ఉండటం కొలతల పట్టిక కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

టార్చి, కత్తి, రాసుకునే పలక, ఉపరితల సంకేతపు బెలూన్, వలసంచి వంటివి నిస్సంకోచంగా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. లోతును, సమయాన్ని బట్టి ఇంకా ఎంతసేపు నీటిలో ఉండవచ్చో చెప్పే డైవ్ కంప్యూటర్ కూడా ఎక్కడ కొన్నా అదే గణితంతో లెక్క కడుతుంది, పైగా మోడళ్లను పోల్చి చూసుకోవడానికి ఆన్‌లైన్‌లో ఉన్నంత వీలు ఏ దుకాణంలోనూ ఉండదు. బ్యాటరీని మనమే మార్చుకోగలమా, దాని ఓ-రింగ్ విడిగా దొరుకుతుందా అన్నవి మాత్రం తెలుసుకోవాలి.

వాడిన సిలిండర్లను ఆన్‌లైన్‌లో కొనవద్దని గట్టిగా చెబుతాను. 6351 అనే మిశ్రమలోహంతో 1980ల చివరి వరకు తయారైన అల్యూమినియం సిలిండర్లలో కొన్నింటికి మెడ లోపల పగుళ్లు పుట్టడం, కొన్ని పేలిపోవడం జరిగింది. అలాంటివి ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. పైకి మెరిసే రంగు ఉన్నా లోపలి పగులు ఫోటోలో కనిపించదు, అటువంటి సిలిండర్‌ను నింపడానికి చాలా దుకాణాలు ఒప్పుకోవు కూడా.

ఇంత చెప్పాక దుకాణాల లోపాలను దాచిపెట్టడం న్యాయం కాదు. తమ దగ్గర నిల్వ ఉన్న రెండు మూడు కంపెనీల వస్తువులే ప్రపంచంలో మంచివన్నట్లు మాట్లాడేవారు ఉన్నారు. నాలుగు డైవ్‌లు పూర్తయిన విద్యార్థి చేత పూర్తి సెట్టు కొనిపించే శిక్షకులూ ఉన్నారు. బోధించే గురువే అమ్మకందారు కావడం వల్ల విద్యార్థి కాదనలేకపోతాడు, అది నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించే విషయం. బయట కొన్న పరికరాన్ని సర్వీస్‌కు తెచ్చినవారిని చులకనగా చూసే చోటికి నేను రెండవసారి వెళ్లలేదు. సర్వీస్‌కు ధర ఎక్కువ అడగండి, కాని మనిషిని అవమానించకండి.

కొనేవారి వైపు నుంచి కూడా ఒక తప్పు జరుగుతోంది. గంటసేపు దుకాణంలో కూర్చుని అయిదు మాస్కులు, మూడు సూట్లు వేసుకుని చూసి, సరిపోయిన దాని పేరు రాసుకుని వెళ్లి ఆన్‌లైన్‌లో కొనడం ఆ దుకాణదారు సమయాన్ని ఉచితంగా తీసుకోవడమే. సిలిండర్లు నింపే కంప్రెసర్‌ను, దాని ఫిల్టర్లను నడిపేది ఆ దుకాణమే, కొరియర్‌లో వచ్చే పెట్టె మన సిలిండర్ నింపదు. ధరలో తేడా ఉంటే ఆ మాట నేరుగా అడగవచ్చు. గత సంవత్సరం బీసీడీ (నీటిలో తేలడాన్ని సర్దుకోవడానికి గాలి నింపే జాకెట్) మార్చవలసి వచ్చినప్పుడు నేను అదే చేశాను. ఆన్‌లైన్ ధర చూపిస్తే కొంత తగ్గించారు, పూర్తిగా తగ్గించలేమని కారణంతో సహా చెప్పారు. కొన్నాక ఈతకొలనులోకి తీసుకువెళ్లి, సిలిండర్ దాదాపు ఖాళీ అయినప్పుడు నీటిలో నిలకడగా ఉండటానికి ఎంత సీసపు బరువు కట్టుకోవాలో లెక్క చూశారు. అప్పటిదాకా నేను అవసరం కంటే రెండు కిలోలు ఎక్కువ మోస్తున్నానని ఆ రోజే తెలిసింది.